కోట కింది పేట: కోబ్లెంజ్‌లో ఎరెన్‌బ్రైట్‌ష్టైన్

జర్మనీలోని కోబ్లెంజ్‌కు వెళ్లినవారిలో చాలామంది, మోసెల్ నది రైన్‌లో కలిసే సంగమాన్ని చూసి, పక్కనే రోప్‌వే ఎక్కి, అవతలి ఒడ్డున ఉన్న కోటలో దిగి, మళ్లీ అదే దారిన తిరిగివచ్చేస్తారు. కోట కింద ఉన్న ఎరెన్‌బ్రైట్‌ష్టైన్ పేట వారికి రోప్‌వే అద్దంలోంచి కనిపించే నల్లని పలకల కప్పులుగానే మిగిలిపోతుంది. నా మటుకు, ఈ ఊళ్లో తీరిగ్గా చూడవలసింది ఆ పేటనే.

రైన్ కుడి ఒడ్డున కొండ ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. కోట నదికి 118 మీటర్ల ఎత్తున ఉంటుంది. కొండ పాదానికీ నీటికీ మధ్య మిగిలిన సన్నని నేలలో హైవే, రైలు పట్టాలు, వాటి వెనుక రాళ్లు పరచిన వీధులు ఒకదానినొకటి ఒరుసుకుంటూ సాగుతాయి. చోటు చాలని ఇళ్లు కొండల సందున ఉన్న లోయలోకి పాకాయి.

ఇంత ఇరుకు చోటు ఒకప్పుడు రాజధాని అంటే నమ్మబుద్ధి కాదు. ట్రియర్ నగరపు ఆర్చ్‌బిషప్పులు మతాధికారులే కాక, పవిత్ర రోమన్ చక్రవర్తిని ఎన్నుకునే హక్కు గల పాలకులు కూడా. వారిలో ఒకరైన ఫిలిప్ క్రిస్టాఫ్ 17వ శతాబ్దంలో కోట నీడలో, నది ఒడ్డున ఫిలిప్స్‌బర్గ్ అనే భవనం కట్టించుకున్నాడు. 1786లో ఆస్థానం నదికి అవతల, కోబ్లెంజ్‌లోని కొత్త భవనానికి తరలిపోయేవరకు అధికారులు, వంటవారు, సేవకులు ఈ వీధుల్లోనే కాపురం ఉన్నారు. 1801లో ఫ్రెంచి సైన్యం పైనున్న కోటను పేల్చివేసినప్పుడు ఫిలిప్స్‌బర్గ్ కూడా దెబ్బతిని కనుమరుగైంది. నేడు మనం చూసే కోట 1817 తర్వాత ప్రష్యా ప్రభుత్వం మళ్లీ కట్టించినది.

ఆ ఆస్థాన వంటశాల పర్యవేక్షకుడి కూతురే 1746లో ఇక్కడ పుట్టిన మరియా మాగ్దలేనా కెవెరిఖ్, అంటే ప్రసిద్ధ సంగీతకర్త బీథోవెన్ తల్లి. ఆమె పుట్టిన ఇల్లు ఇప్పుడు చిన్న మ్యూజియం. బాన్‌లోని బీథోవెన్ ఇంటిలో దొరికే హంగును ఆశించి వెళితే నిరాశ తప్పదు. ఆస్థానాన్ని నమ్ముకుని బతికిన కుటుంబాల స్థితిగతులు తెలుసుకోవాలనుకుంటే మాత్రం తప్పక చూడాలి.

కోటలోని మ్యూజియంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది 1524లో పోతపోసిన ‘గ్రైఫ్’ ఫిరంగి. సుమారు 9 టన్నుల బరువున్న దీనిని ఫ్రెంచివారు 1799లో పట్టుకుపోగా, చివరకు 1984లో తిరిగివచ్చింది. చేతికి అందేంత దగ్గర నిలబడి చూస్తే, దీన్ని ఆ కొండమీది నుంచి దించడానికి ఎందరు మనుషులు, ఎన్ని గుర్రాలు కావలసివచ్చాయో అన్న ఆలోచనే ముందు వస్తుంది.

బస విషయానికొస్తే, కోట లోపలే ఉన్న యూత్ హాస్టల్‌కే నా ఓటు. గదులు సాదాసీదాగా ఉంటాయి, కానీ సందర్శకులు వెళ్లిపోయాక రెండు నదులూ కలిసే చోటును అంత ఎత్తు నుంచి ప్రశాంతంగా చూడవచ్చు. కింద రైలు మార్గానికి దగ్గరగా గది తీసుకుంటే, రాత్రంతా గూడ్సు బండ్ల మోత భరించాలి. ఇంటివారు ఎంత మర్యాదస్తులైనా ఆ మోతను ఆపలేరు కదా.

2011 తోటల ప్రదర్శన కోసం వేసిన రోప్‌వే పొడవు 890 మీటర్లు. ఆ ప్రదర్శన ముగిసిన కొన్నేళ్లకే తీసివేయాలన్నది మొదటి ఒప్పందం. ఈ రైన్ లోయ ప్రపంచ వారసత్వ స్థలం కనుక యునెస్కో అనుమతి అవసరమైంది; ఊరివారు పట్టుబట్టడంతో 2013లో అది గడువు పెంచడానికి సమ్మతించింది. సౌకర్యం బాగుంది, కానీ టికెట్టు ధర కుటుంబానికి భారమే. పేట నుంచి కోటకు వెళ్లే ఏటవాలు లిఫ్ట్ ఎక్కితే పేట, కోట రెండూ చూసినట్టవుతుంది. రోప్‌వేకీ, లిఫ్ట్‌కీ సాయంత్రం ఆఖరి వేళ ఎప్పుడో ముందే కనుక్కోవాలి. శాకాహారులకు ఆపిల్ గుజ్జుతో ఇచ్చే బంగాళాదుంప అట్లు దొరుకుతాయి. వాటిలో సాధారణంగా గుడ్డు కలుపుతారు కనుక అడిగి తీసుకోవాలి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి, హాస్టల్‌లో దిగేవారు శనివారమే కావలసినవి కొని పైకి తీసుకువెళ్లడం మేలు.