రేకుల కింద వేలాడే టాప్: ఆరేళ్ల తర్వాత నా మాట

స్పిట్‌ఫైర్ సంగతి తెలిసినవాళ్లకి హార్డ్‌టాప్ అంటే ఏమిటో వివరించక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం: స్పిట్‌ఫైర్ అంటే ట్రయంఫ్ కంపెనీవాళ్ల రెండు సీట్ల ఓపెన్ కారు, హార్డ్‌టాప్ అంటే కావాలన్నప్పుడు దానికి బిగించి, వద్దన్నప్పుడు తీసేసే గట్టి కప్పు. నాది 1972 బండి, టాప్ ఇనప రేకుది. ఇప్పుడు చెప్పబోయేది ఆ టాప్‌ని షెడ్డులో పైకి లాగి వేలాడదీసే చేతి వించ్ గురించి. రాణిగంజ్‌లో కొని ఆరేళ్లయింది. కారు మీదకంటే దీని మీదే నాకు ప్రేమ ఎక్కువని మా ఆవిడ అంటుంది, అందులో కొంత నిజం లేకపోలేదు.

ఎందుకంత ప్రేమంటే ఒకటే కారణం. ఇందులో ఉన్నది వార్మ్ గేరు, అంటే మరలాంటి కడ్డీ తిరిగి పళ్ల చక్రాన్ని తిప్పే రకం. హ్యాండిల్ మధ్యలో వదిలేసినా టాప్ ఎక్కడిదక్కడ ఆగుతుంది, వెనక్కి తిరగదు. దీనికి ముందు పళ్ల చక్రం, కొక్కెం ఉండే రకం వాడాను. ఓ రోజు కొక్కెం సరిగ్గా పడకుండానే చెయ్యి తీశాను. హ్యాండిల్ గిర్రున తిరిగి బొటనవేలి గోరు ఊడగొట్టింది. టాప్ నేలకి జానెడు ఎత్తులోనే ఉంది కాబట్టి బతికిపోయింది. వార్మ్ గేరు నిదానం, తిప్పీ తిప్పీ భుజం లాగుతుంది. లాగనీ. ఫోన్ మోగితే వదిలేసి వెళ్లి మాట్లాడి రావచ్చు.

మా ఇంట్లో మృగశిర కార్తెకి టాప్ కారు మీదకి వస్తుంది, దసరా వెళ్లాక పైకి పోతుంది. కారుకి ఎక్కించడమంటే కప్పు నుంచి దించడం, కారు నుంచి దించడమంటే కప్పుకి ఎక్కించడం. ఈ మాటల గందరగోళంలో ప్రతి ఏడూ ఓ చిన్న తగువు తప్పదు.

టాప్ బాగుచేయించిన కథ పొడుగ్గా చెప్పను. కారు కింద భాగాలకి పెద్దగా ఇబ్బంది పడలేదు. స్పిట్‌ఫైర్ ఛాసిస్ అదే ట్రయంఫ్ వాళ్ల హెరాల్డ్ కారు నుంచి పుట్టిందే, ఆ హెరాల్డ్‌లని మద్రాసులో స్టాండర్డ్ కంపెనీవాళ్లు ఏళ్లపాటు తయారుచేశారు. వాటి మీద చెయ్యి తిరిగిన పాత మెకానిక్కులు ఇంకా ఒకరిద్దరు ఉన్నారు. టాప్ దగ్గరికొచ్చేసరికి ఎవరికీ ఏమీ తెలీదు. వెనక అద్దం రబ్బరు పీకితే దాని కింద రేకు అటుకుల్లా రాలింది. నీళ్లు ఆ గాడిలో నిలబడి బయటికి కనపడకుండా తినేశాయి. కుళ్లిన ముక్క కోసి కొత్త రేకు అతికించి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, లప్పం వీలైనంత తక్కువ పెట్టించాను. ఆ పని ఇప్పటికీ చెక్కుచెదరలేదు. లోపలి గుడ్డ పని మాత్రం కుషన్ వర్క్ షాపుకి ఇచ్చి, చూడ్డానికి బాగుంటే చాలనుకుని తెచ్చేసుకున్నాను.

రెండో ఏడాది మే నెల. మధ్యాహ్నం షెడ్డులోకి మామిడికాయల బుట్ట కోసం వెళ్లిన అమ్మ బయటి నుంచే కేకేసింది: "ఒరే, నీ టాప్‌లో పిల్లి పడుకుందిరా!"

వెళ్లి చూద్దును కదా, లోపలి గుడ్డ మధ్యలో ఉబ్బి, నిజంగానే బరువైన పిల్లి పొట్టలా కిందికి వేలాడుతోంది. చీపురుకర్రతో పొడిచాను. పిల్లీ లేదు, ఏమీ లేదు. పొడిచిన దెబ్బకి మిగిలిన సగం కూడా చప్పుడు లేకుండా ఊడి నా తల మీద పడింది. బంక తీగలు తీగలుగా సాగుతోంది, అచ్చం పనసకాయ జిగురు. చేతులకి, జుట్టుకి అంటుకున్నది కొబ్బరినూనెతో వదిలించుకునేసరికి సాయంత్రమైంది. అమ్మ మాత్రం ఆ వారమంతా ఫోన్ చేసిన చుట్టాలందరికీ పిల్లి కథ చెప్పింది.

కుషన్ వర్క్ ఆయన వచ్చి చూసి తాపీగా అన్నాడు: "ఇది సీట్లకి కొట్టే బంక సార్. సీటు కింద ఉంటది, యాడికి పోతది? కప్పుకి వేడికి ఆగే బంక వేరే ఉంటది."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా భాయ్?"

"మీరు అడగలే."

ఆయన మీద కోపం చాలా రోజులు ఉంది. కానీ నిచ్చెనెక్కి టాప్ ఉన్న చోట తల పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. మాది సిమెంటు రేకుల షెడ్డు. కింద నిలబడితే ఉక్కగా ఉంటుంది అంతే. పైన రేకుకి అడుగు దూరంలో మొహం కాలిపోతోంది. వేడిగాలంతా అక్కడే చేరుతుంది. నేలంతా ఖాళీ అయిందని మురిసిపోతూ, షెడ్డులో అన్నిటికంటే వేడిగా ఉండే చోటు వెతికి మరీ టాప్‌ని అక్కడ పెట్టాను. వించ్ తప్పేమీ లేదు, దాన్ని ఆఖరి చుట్టుదాకా తిప్పింది నేనే.

ఇప్పుడు గుడ్డ మార్చి, వేడికి ఆగే బంకతో వేయించాను. రేకుల కింద థర్మోకోల్ కొట్టించాను. ఉగాది దాటాక టాప్‌ని రెండడుగులు కిందికి దించుతాను. దాంతో కారు దగ్గరికి వెళ్లాలంటే వంగి నడవాలి. అంటే స్థలం కలిసొస్తుందని అందరికీ చెప్పిన మాట, ఎండాకాలానికి అంతగా వర్తించదు.

ఇంకో మాట కూడా సవరించుకోవాలి. వాన పడితే లోపలికి చుక్క రాదని మొదటి ఏడాది గొప్పలు పోయాను. టాప్‌ని వేలాడదీసే బెల్టులు రెండు పక్కలా అంచు కింద నుంచి వేయడంతో ఎనిమిది నెలలు బరువంతా నీళ్లు రాకుండా అంచుకి ఉండే రబ్బరు పట్టీ, అదే బీడింగ్ మీదే పడింది, అది అణిగిపోయి మళ్లీ లేవలేదు. నెక్లెస్ రోడ్డు మీద ఓ జోరువానలో ఎడమవైపు కూర్చున్న మా ఆవిడ భుజం తడిసింది. ఆవిడేం అనలేదు, చున్నీ మడిచి అక్కడ పెట్టుకుంది. ఇప్పుడు బోల్టులు పట్టే చోట్ల చెక్క దిమ్మలు పెట్టి బరువు వాటి మీద వేస్తున్నాను. కొత్త బీడింగ్ వేసి రెండు వానాకాలాలైంది, ఇంతవరకూ ఫర్వాలేదు.

ఒక్కడే చేసుకోవచ్చా అని అడుగుతారు. తిప్పడానికి ఒక్కడు చాలు. టాప్ ఊగకుండా వెనక పట్టుకోవడానికి ఇంకొకరు ఉండాల్సిందే. నాలుగు కొక్కేలూ రేకులకి కాకుండా వాటి కింది ఇనప దూలానికి తగిలించాను. వించ్ మీద ఎంత నమ్మకమున్నా విడిగా ఓ గొలుసు కూడా వేస్తాను, దాని కింద పిల్లల్ని ఆడనివ్వను.

కొనమంటారా అంటే, మీ షెడ్డు చూడకుండా చెప్పలేను. మాది మారేడ్‌పల్లిలో పాత ఇల్లు, దూలం మాదే, గోడ మాదే. అపార్ట్‌మెంట్ సెల్లార్ అయితే చక్రాల స్టాండ్ మీద నిలబెట్టుకోవడమే నయమేమో. మా అన్నయ్య కూడా ఈ ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేద్దామని రెండేళ్లుగా అంటున్నాడు. ఆ బిల్డర్ వచ్చిన రోజు ఎన్ని ఫ్లాట్లు ఇస్తాడో అన్నయ్య అడుగుతాడు. సెల్లార్ స్లాబుకి నాలుగు కొక్కేలు వేయనిస్తాడో లేదో నేను అడుగుతాను.