మెల్‌బోర్న్ ఏజ్డ్ కేర్ హోమ్‌లో మందుల అప్పగింత: మా అనుభవం

మెల్‌బోర్న్ పడమటి శివారులోని ఒక ఏజ్డ్ కేర్ హోమ్‌లో (వృద్ధుల సంరక్షణ కేంద్రంలో) మా అమ్మగారిని చేర్చి రెండు నెలలైంది. గదులు శుభ్రంగా ఉన్నాయి, భోజనం పర్వాలేదు. ఈ సమీక్ష మాత్రం ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున మందుల వివరాలు ఎలా చేతులు మారాయన్న దాని గురించే.

తుంటి ఆపరేషన్ తర్వాత ఆమెను శుక్రవారం సాయంత్రం పంపించారు. ఏ మందు ఎప్పుడు ఇవ్వాలో రాసే చార్టులో డాక్టరు సంతకం లేనిదే నర్సులు మాత్ర ఇవ్వరు, హోమ్‌కు వచ్చే జీపీ (సాధారణ వైద్యుడు) సోమవారం గానీ రారు, పూటల వారీగా మాత్రలను అట్టలో అమర్చి పంపే మందుల షాపు ఆ పనిని వారాంతంలో చేయదు. ఈ మూడూ కలిస్తే రెండు రోజుల మందులు తప్పిపోవలసిందే. అయితే ఆసుపత్రి ఫార్మసిస్టు ఏడు రోజులకు చెల్లే తాత్కాలిక చార్టును, వారం మందులను వెంట పంపడంతో ఆ రాత్రి మాత్ర వేళకే పడింది.

హోమ్ నర్సు మా సంచిలోని స్ట్రిప్పులన్నీ బల్ల మీద పరిచి, ఒక్కొక్కటి వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివారు. హైదరాబాదు నుంచి తెచ్చుకున్న గ్లైకోమెట్, ఆసుపత్రి రాసిన డయాబెక్స్ రెండూ మెట్‌ఫార్మిన్ అనే ఒకే షుగరు మందేనని అప్పుడు తెలిసింది. పేర్లు వేరు గనుక మేము రెండు మందులనుకున్నాం.

లోటంతా డిశ్చార్జ్ పత్రంలోనే ఉంది. ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్ ఎదురుగా "ఆపాము" అని మాత్రమే రాశారు. ఎందుకు ఆపారో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో, రక్తపరీక్ష ఏనాడు చేయించాలో లేదు. ప్రభుత్వ ఆన్‌లైన్ ఆరోగ్య ఖాతా అయిన మై హెల్త్ రికార్డులో చూసినా అదే ఒక్క మాట. హోమ్ వారు ఆసుపత్రికి మూడుసార్లు ఫోన్ చేయగా, రక్తంలో సోడియం పడిపోయినందున ఆపామని మంగళవారం చెప్పారు. ఆలోగా నర్సులు రోజూ బరువు చూసి, చీలమండల వాపును నమోదు చేస్తూ వచ్చారు.

2024 జూలై నుంచి ప్రభుత్వ నిధులతో హోమ్‌లోనే ఫార్మసిస్టును ఉంచుకునే వీలుంది. ఇక్కడ ఇంకా ఎవరూ లేరు. అందుకే హోమ్‌కు ఐదింటికి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను, ఆ డిశ్చార్జ్ పత్రానికైతే రెండే.