వాక్యూమ్ హబ్‌తో 7 ఏళ్ళు: ఆ దీపాన్ని మాత్రం నమ్మొద్దు

డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్, 7 ఏళ్ళు, 1,18,000 కిలోమీటర్లు. ఎక్కువ భాగం బెంగళూరు ట్రాఫిక్‌లో, మిగతాది సకలేశపుర వైపు ఘాట్లలో, మదనపల్లె దారిలో. ఇంజను, మైలేజీ, సీట్ల గురించి అందరూ రాసేశారు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఇదంతా ముందు చక్రాల వాక్యూమ్ హబ్‌ల గోల, అంటే గాలి పీల్చే బలంతో (వాక్యూమ్) చక్రాన్ని దాని షాఫ్ట్‌కు కలిపి, విడదీసే భాగాల గోల. నిజానికి కోపం హబ్‌ల మీద కన్నా డ్యాష్‌బోర్డు మీద వెలిగే ఫోర్ వీల్ దీపం మీదే ఎక్కువ.

ఈ బండిలో ఆ దీపం వెలిగిందంటే ఇంజను బలాన్ని ముందు వైపుకు కూడా పంపే ట్రాన్స్‌ఫర్ కేసు పడిందని మాత్రమే అర్థం. హబ్‌లు పట్టాయో లేదో దానికి తెలియదు, అక్కడ సెన్సరే పెట్టలేదు. పోనీ ఒక హబ్ పట్టకపోతే సగం లాగుడైనా మిగులుతుందా అంటే, అదీ లేదు. రెండు చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ తేలిగ్గా తిరిగే వైపుకే బలం వదిలేస్తుంది. పట్టని వైపు హాఫ్ షాఫ్ట్ (డిఫరెన్షియల్ నుంచి చక్రం దాకా వెళ్ళే కడ్డీ) ఊరికే గిరగిరా తిరుగుతుంది, పట్టిన వైపు చక్రం కదలదు. దీపం మాత్రం నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది.

అయిదో ఏట వచ్చిన జబ్బు సరిగ్గా ఇదే. బురద ఎక్కుడులో తిన్నగా వెళ్ళినంతసేపూ ముందు చక్రాలు లాగేవి. కుడివైపు హెయిర్‌పిన్ తిరిగి, గేరు మార్చడానికి యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే లాగుడు పోయేది. కాలు తీసినప్పుడే ఎందుకంటే, బలం పడుతున్నంతసేపు హబ్ పళ్ళు ఒకదాన్నొకటి బిగించుకుని ఉంటాయి, వాక్యూమ్ పోయినా విడిపోవు. బలం తగ్గాకే లోపలి స్ప్రింగు వాటిని వెనక్కి లాగేస్తుంది. వర్క్‌షాప్ తీర్పు వెంటనే వచ్చింది: రెండు హబ్‌లూ మార్చాలి. చివరికి దోషం ఎడమ నకిల్ (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో పాటు తిరిగే భాగం) వెనక జానెడు రబ్బరు పైపుది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

హబ్‌లు కొనే ముందు చేయాల్సిన పని ఇది. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ముందు ఒక చక్రాన్ని జాకీతో లేపి స్టాండు మీద నిలపాలి. ఇంజను ఆన్, గేరు న్యూట్రల్, నాబ్ ఫోర్ హైలో (మామూలు వేగాల ఫోర్ వీల్). ఇప్పుడు చక్రాన్ని చేత్తో తిప్పుతూ లోపలి హాఫ్ షాఫ్ట్ మీద కన్నేయాలి. చక్రం తిరిగి షాఫ్ట్ కదలకపోతే ఆ హబ్ పట్టలేదు. చక్రంతో పాటు షాఫ్ట్ కూడా తిరిగితే ఈ వైపు బాగానే ఉంది, అవతలి హబ్‌ను అనుమానించాలి. రెండూ పట్టి ఉంటే చక్రం అసలు తిరగదు. చాలామంది చక్రాన్నే చూసి మంచి హబ్‌ను విప్పేస్తారు.

తర్వాత గేజి ఉన్న చేతి వాక్యూమ్ పంపు. హబ్ వైపు పైపుకు తగిలించి 20 అంగుళాల (పాదరసం లెక్కలో) దాకా లాగి ఒక నిమిషం ఆగాలి. ముల్లు పడిపోతే ఆ పైపో, నకిల్ సీలో, ఓ-రింగో, హబ్ డయాఫ్రమో (లోపలి రబ్బరు పొర) కారుతోంది. అసలు కిటుకు ఇక్కడుంది: స్టీరింగ్ తిన్నగా ఉంచి ఒకసారి, పూర్తిగా ఎడమకు తిప్పి ఒకసారి, పూర్తిగా కుడికి తిప్పి ఒకసారి చూడాలి. ఈ బండిలో తిన్నగా ఉన్నప్పుడు ముల్లు 20 మీద కదల్లేదు. కుడికి తిప్పేసరికి 4కి జారింది. ప్లాస్టిక్ టై బిగించిన చోట పైపుకు సన్నటి పగులు, సాగినప్పుడే నోరు తెరుస్తోంది. కొత్త పైపు మందపాటి గోడ ఉన్నదై ఉండాలి, పల్చటి సిలికాన్ పైపు వాక్యూమ్‌కు లోపలికి నొక్కుకుపోతుంది. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూసి, పొడవు కాస్త వదులుగా పెట్టి, టైని గట్టిగా బిగించకుండా కట్టాలి. బెంగళూరులో బండి విడిభాగాలు దొరికే జేసీ రోడ్డులో మీటరు లెక్కన కోసి ఇస్తారు.

హబ్ వైపు బాగుంటే ఇంజను వైపు చూడాలి. డీజిల్ కాబట్టి వాక్యూమ్ అనేది బండిలోని పంపు నుంచే రావాలి, పెడల్‌ను తేలిక చేసే బ్రేక్ బూస్టర్ కూడా దాని మీదే బతుకుతుంది. బ్రేక్ పెడల్ గట్టిపడితే హబ్ సంగతి వదిలేసి ముందు అది చూడండి. గేజి చదివేటప్పుడు ఊరి ఎత్తు మర్చిపోకూడదు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడి గాలి పీడనమే దాదాపు 27 అంగుళాలు. చెన్నైలో 26 చూపించే పంపు ఇక్కడ 23 చూపిస్తే అది పంపు తప్పు కాదు. ఇది తెలియక మంచి పంపులు మార్పించుకున్నవాళ్ళున్నారు. ఆపైన సొలినాయిడ్‌కు (వాక్యూమ్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వుకు) 12 వోల్టులు అందుతున్నాయా, నాన్-రిటర్న్ వాల్వులో గాలి ఒకవైపే పోతోందా, అంతే.

హబ్ విప్పితే గ్రీజు కూరొద్దు. వీల్ బేరింగ్‌కు పెట్టినట్టు ముద్దగా పెడితే పళ్ళు జిగురుపట్టి కదలవు, సీలు పోయిన రోజు ఆ గ్రీజంతా పైపులోకి, సొలినాయిడ్ దాకా ఎక్కుతుంది. పల్చటి పూత చాలు.

అన్ని బళ్ళలో పద్ధతి ఒకటే అనుకోకండి. ఇందులో వాక్యూమ్ నిలబడి ఉంటేనే హబ్ పడుతుంది. కొన్నిట్లో కాసేపు ఇచ్చి వదిలేస్తే చాలు. అమెరికాలో 2004 నుంచి వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150లో అయితే పూర్తిగా తలకిందులు: వాక్యూమ్ ఉంటే హబ్ వదులుతుంది, పోతే స్ప్రింగు దాన్ని పట్టిస్తుంది. అక్కడ కారితే చక్రం దగ్గర గరగర శబ్దం వస్తుంది.

బండి దిగకుండా నాబ్ తిప్పితే చాలు, వర్షంలో ఇంతకన్నా సుఖం లేదని మొదటి ఏడాదంతా పొగిడిందీ ఈ హబ్‌లనే. ఆ సుఖం ఇప్పటికీ ఉంది, కాకపోతే నెలకొకసారి మట్టి రోడ్డు మీద ఫోర్ హైలో నాలుగు కిలోమీటర్లు నడిపితేనే. పొడి తారు మీద మలుపుల్లో మాత్రం వద్దు.

ఏడాదికి నాలుగైదు ఘాట్ ప్రయాణాలైతే వీటినే ఉంచుకోవచ్చు. కాఫీ తోటల్లో రోజూ బురద తొక్కే బండికైతే చేత్తో తిప్పే హబ్‌లే మేలనిపిస్తోంది, దిగి తిప్పే ఓపిక ఉంటే. ఎలాగూ చేతి పంపు టూల్ బాక్సులోనే ఉంటోంది. దారిలో మొండికేస్తే, హబ్ కారనంత వరకు, దాని పైపుకే పంపు తగిలించి 20 దాకా లాగి, పైపు మడిచి క్లిప్పు పెట్టి, చక్రానికి తగలకుండా కట్టేస్తే ఆ ఎక్కుడు మెల్లగా దాటేయొచ్చు.