కనపడని పనిలో మెరుగు, కనపడే పనిలో తరుగు

పాత ఇంటిని కూల్చి, అదే స్థలంలో మా కుటుంబానికి రెండంతస్తుల ఇల్లు కట్టే పనిని మొత్తంగా ఒకే నిర్మాణ సంస్థకు అప్పగించాము. కూల్చేవారితో ఒక బేరం, కట్టేవారితో మరో బేరం కుదుర్చుకుంటే ఖర్చు తగ్గుతుందని చాలామంది చెప్పారు, తగ్గే మాట నిజమే. అయితే పునాది తవ్వేటప్పుడు పాత ఇంటి తాలూకు గొయ్యో, పగిలిన పైపో బయటపడితే దాని సంగతి ఎవరు చూడాలన్న పేచీ వస్తుంది. ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోరు, పని ఆగిపోతుంది. ఆ ఒక్క కారణంతోనే మేము ఇటు మొగ్గాము. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు.

కూల్చివేతకు పూర్తి మార్కులు వేస్తాను. కరెంటు, నీటి కనెక్షన్లు తీసివేసిన కాగితాలు చూపించిన తరువాతే మనుషులను కప్పు ఎక్కించారు. ముందు పైకప్పు, తరువాత దూలాలు, ఆ తరువాత గోడలు, ఇలా కట్టిన వరుసకు ఎదురు వరుసలో విప్పుకుంటూ వచ్చారు. పక్కింటి గోడకు ఆనుకుని ఉన్న భాగం దగ్గరికి యంత్రాన్ని రానివ్వకుండా సుత్తి, ఉలితోనే పని కానిచ్చారు. అంతకు ముందే ఆ గోడ మీద ఉన్న పాత పగుళ్లకు ఫొటోలు తీసి, ఆ ఇంటివారికి ఒక ప్రతి ఇచ్చారు. తరువాత మాట పడకుండా ఉండడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. వెనక వసారా మీద పాతకాలపు ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు ఉండేవి. అవి పగిలితే గాలిలో కలిసే సన్నని పోగులు ఊపిరితిత్తులకు చేటు చేస్తాయి కనుక, రేకులను నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, విరగకుండా దించి, మందపాటి పట్టాలో చుట్టి మిగిలిన శిథిలాలతో కలపకుండా పంపించారు. తలుపులు, ద్వారబంధాలు, మంచి ఇటుకలు విడిగా పేర్చి, మేము వద్దన్న వాటి విలువను బిల్లులో తగ్గించారు.

అనుకున్నట్టే తవ్వకంలో పాత సెప్టిక్ ట్యాంకు బయటపడింది, అదీ సరిగ్గా ఒక కాలమ్ (స్తంభం) రావలసిన చోట. పైన మట్టి కప్పేసి ముందుకు పోయే మేస్త్రీలు ఉన్నారని విన్నాను. వీరు మాత్రం లోపలి మురికిని పూర్తిగా తోడించి, గోడలు పగలగొట్టి, ఇంజనీరును పిలిపించి, గట్టి నేల తగిలేదాకా ఆ పునాదిని లోతుకు దించారు. మిగిలిన గోతిని జానెడేసి మందాన పొరలుగా నింపి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిస వేయించారు. వదులు మట్టి మీద నిలబెట్టిన గచ్చు ఆ తరువాత కుంగితే టైల్స్ పగలగొట్టి సరిచేయడం తప్ప మార్గం ఉండదు.

కాంక్రీటు పనిలో వీరి శ్రద్ధను ప్రత్యేకంగా చెప్పాలి. కాలమ్ రింగుల (నిలువు చువ్వలను చుట్టి కట్టే ఇనుప కడ్డీల) కొసలను 90 డిగ్రీల దగ్గర ఆపకుండా 135 డిగ్రీల దాకా లోపలికి వంచారు. భూకంపం వంటి కుదుపులో రింగు విచ్చుకోకుండా పట్టి ఉంచేది ఆ వంపే. స్లాబు ఇనుము కింద రాతి ముక్కలకు బదులు 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు (ఇనుము చుట్టూ కాంక్రీటు పట్టేలా ఎడం ఉంచే చిన్న దిమ్మెలు), కాలమ్‌లకు 40 మిల్లీమీటర్లవి పెట్టారు. స్లాబు వేసిన రోజు మిశ్రమం గట్టిగా ఉందని, పరచడం కష్టంగా ఉందని కూలీలు బకెట్టుతో నీళ్లు పోయబోతే, సూపర్‌వైజర్ ఆ బకెట్టును చేతిలోంచి తీసుకుని పక్కన పారబోశాడు. నీరు పెరిగిన కొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుందని అందరూ చెబుతారు కానీ, ఎండలో పని హడావిడిగా సాగుతున్నప్పుడు ఆ మాట మీద నిలబడేవారు తక్కువ. అదే కాంక్రీటుతో 150 మిల్లీమీటర్ల క్యూబులు (నమూనా దిమ్మెలు) తీసి 7వ రోజు, 28వ రోజు బలం పరీక్ష చేయించి నివేదికలు మాకు ఇచ్చారు. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలబెట్టడంలోనూ లోటు చేయలేదు.

ఇంత పట్టుదలగా పనిచేసినవారు ముగింపు పనులకు వచ్చేసరికి వేరే మనుషులైపోయారా అనిపించింది. నిజానికి అయ్యారు కూడా: మొదటి సూపర్‌వైజర్‌ను వేరే సైటుకు మార్చి, టైల్స్, రంగులు, ప్లంబింగ్ పనులను చిన్న చిన్న జట్లకు వదిలేశారు. హాల్లో కొన్ని టైల్స్‌ను వేలితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. అడుగున సిమెంటు అంతటా పట్టలేదన్నమాట. బాల్కనీ వాలు నీళ్లు పోయే జాలీ వైపు కాకుండా గుమ్మం వైపు ఉండడంతో వాన పడితే నీళ్లు గదిలోకి చూస్తాయి. మంచం ఎక్కడ వస్తుందో నక్షాలో గీసి ఇచ్చినా, రెండు స్విచ్ బోర్డులు దాని వెనక్కి పోయాయి. స్నానాల గదుల్లో మాత్రం 24 గంటలు నీళ్లు నిలబెట్టి, కారడం లేదని చూడకుండా టైల్స్ వేయలేదు, అదీ మేము పట్టుబట్టిన తరువాతే.

ఇక అదనపు పనుల బిల్లు. ఒప్పందంలో కిటికీలకు గ్రిల్ అని ఉంది కానీ ఇనుము బరువు రాయలేదు, మెట్ల రెయిలింగ్ అని ఉంది కానీ ఏ లోహమో లేదు. ఇలాంటి ప్రతి ఖాళీలోనూ చవక రకాన్ని లెక్కవేసి, మెరుగైనది అడిగితే అదనం అన్నారు. మోసం అనను, కానీ ఇది వీరికి బాగా అలవాటైన దారి అని వారి రేట్ల పట్టిక చూస్తేనే అర్థమవుతుంది. వీరితో పని పెట్టుకునేవారు ప్రతి వస్తువుకూ రకం, మందం, కొలత రాయించుకోకుండా సంతకం చేయవద్దు. డబ్బు నెలల లెక్కన కాకుండా పునాది, స్లాబు, ప్లాస్టరింగ్ వంటి దశల లెక్కన ఇవ్వడానికి వారు ఒప్పుకోవడం మాకు చాలా మేలు చేసింది.

తాళాలు ఇచ్చిన తరువాత గోడకూ కాలమ్‌కూ మధ్య సన్నని పగులు కనిపిస్తే, కబురు చేసిన వారంలోనే మనిషిని పంపి పగులు మీద తీగల జాలీ వేసి మళ్లీ పూత పూశారు. గోడల్లో పైపులు, వైర్లు వెళ్లిన దారులను చూపే నక్షాలు అడగకుండానే ఇచ్చారు. బాల్కనీ వాలు సంగతి ఇంకా తేలలేదు. ఒప్పందం ప్రకారం చివరి విడత సొమ్ములో కొంత మా దగ్గరే ఉంది, అది సరిచేసిన రోజున ఇస్తాము.