తోడేలా, డీమనా? ముందు ఏది చదవాలి?

మనిషికీ జంతువుకీ మధ్య ముడిపడే బంధం మీద మంచి ఫాంటసీ నవల చెప్పమని ఎవరడిగినా నా నోట రెండు పేర్లే వస్తాయి. ఫిలిప్ పుల్‌మన్ ‘నార్తర్న్ లైట్స్’, రాబిన్ హాబ్ ‘అసాసిన్స్ అప్రెంటిస్’. రెండూ 1995లోనే వచ్చాయి. రెండింటికీ ప్రాణం పెట్టే పాఠకులున్నారు. ఒకటి నచ్చినవాళ్లకు రెండోది అంతగా ఎక్కకపోవడం కూడా చాలాసార్లు చూశాను.

మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని విని పెరిగిన మనకు పుల్‌మన్ లోకం చప్పున అర్థమైపోతుంది. అక్కడ ప్రతి మనిషి ఆత్మా జంతువు రూపంలో పక్కనే తిరుగుతుంటుంది. దాన్నే డీమన్ అంటారు. పిల్లల డీమన్లు క్షణానికో రూపం మారుస్తాయి, పిల్లలు ఈడుకొచ్చేసరికి ఒక్క రూపంలో కుదురుకుంటాయి. ఫకీరు చిలక పంజరంలో పడి ఉంటుంది గానీ, లైరా అనే పిల్ల డీమన్ పాంటలైమన్ ఊరుకునే రకం కాదు. ఆమెతో వాదిస్తుంది, వద్దని పోరుతుంది, ఆమెకు భయమేస్తే తానూ వణుకుతుంది.

ఇందులో ఒక ఘట్టం నన్ను ఇప్పటికీ వదల్లేదు. టోనీ అనే పిల్లవాణ్ని వాడి డీమన్ నుంచి కోసి వేరుచేస్తారు. లైరాకు దొరికేసరికి వాడు ఒక పాకలో కూర్చుని, ఓ ఎండుచేపను గుండెలకు హత్తుకుని ఉంటాడు. డీమన్‌ను పట్టుకుని పడుకునే చేతులకు ఏదో ఒకటి కావాలి కదా! వాడు చనిపోయాక ఎవరో ఆ చేపను తీసి కుక్కకు వేసేస్తారు. అది తెలిసి లైరా కోపంతో ఊగిపోతుంది. చేప అంటే అందరికీ చేపే, ఆమెకు ఒక్కదానికే తెలుసు అదేమిటో.

హాబ్ నవల్లో ఇంత చురుకు లేదు. రాకుమారుడికి పెళ్లి కాకుండా పుట్టిన ఫిట్జ్, ఆరేళ్ల వయసులో గుర్రపుశాల చూసే బరిచ్ చేతికొస్తాడు. అక్కడ వాడికి దొరికిన మొదటి నేస్తం నోసీ అనే కుక్కపిల్ల. దాని మనసు వీడికి తెలుస్తుంది, వీడి మనసు దానికి. ఈ శక్తి పేరు విట్. ఆ రాజ్యంలో అదొక మచ్చ, బయటపడితే చంపేస్తారు. అందుకే బరిచ్ నోసీని వాడి నుంచి లాగేసుకుంటాడు. ఆ పేజీలు చదివాక పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను.

కథ నత్తనడక, ఫిట్జ్‌కి అన్నీ కష్టాలే అని చాలామంది పాఠకులు విసుక్కుంటారు. నెమ్మది నిజమే, కాదనను. కానీ జంతువుతో చనువు పెరిగేది కూడా అంత నెమ్మదిగానే. పుల్‌మన్ మీద ఉన్న ఫిర్యాదు వేరు: తర్వాతి భాగాల్లో మతంతో తగువు కథను మింగేస్తుందంటారు. నాకు అది అంత అడ్డు అనిపించలేదు.

నన్నడిగితే హాబ్‌దే పైచేయి. పాంటలైమన్ ఎంత ముద్దొచ్చినా అది లైరాలో సగమే. ఫిట్జ్ జీవితంలోకి వచ్చే తోడేలు నైట్‌ఐస్ మాత్రం పూర్తిగా వేరే ప్రాణి. దానికి దాని ఆకలి, దాని పౌరుషం, దాని లెక్క. రేపటి గురించి కుమిలిపోయే ఫిట్జ్‌ని చూసి దానికి అసలు అర్థం కాదు. పైగా తోడేలు ఆయుష్షు మనిషి ఆయుష్షంత ఉండదు. మా ఇంట్లో పద్నాలుగేళ్లు తిరిగిన కుక్క పోయాక మళ్లీ చదివితే, ఆ బెంగ ప్రతి పేజీ కిందా కనిపించింది.

పన్నెండేళ్ల పిల్లలకు ఇవ్వాలంటే మాత్రం అనుమానం లేకుండా పుల్‌మన్. ఏదో ఒక మూగజీవిని పెంచి, పోగొట్టుకున్నవాళ్లయితే హాబ్. ఒక్క మాట, మొదటి భాగం కొనేటప్పుడే 1996లో వచ్చిన ‘రాయల్ అసాసిన్’ కూడా తెచ్చుకోండి. బోనులో ఉన్న తోడేలు పిల్లను ఫిట్జ్ కొనేది అందులోనే.