ఏడాదంతా పూసే చామంతి అంటే నమ్మి కొనకండి

తిరుపతిలో చామంతి కుండీలు కొనబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. పోయిన శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు రేణిగుంట రోడ్డు పక్కన ఒక నర్సరీలో ఎనిమిది కుండీలు కొన్నాను, ఒక్కోటి 180 రూపాయలు. గుబురుగా, నిండా మొగ్గలు. "ముందే పూసే రకం అమ్మా, చలికాలం దాకా ఆగక్కర్లేదు. ఏడాదంతా పూస్తానే ఉంటుంది" అన్నాడు నర్సరీ అతను.

వ్రతానికి బాగానే పూశాయి, అబద్ధం చెప్పకూడదు. మూడు వారాల్లో అన్నీ వాడిపోయాయి. ఆ తర్వాత ఒక్క మొగ్గ కూడా లేదు. అడిగితే నీళ్లు ఎక్కువ పోశారన్నాడు. రెండోసారి ఫోన్ ఎత్తలేదు. ఒళ్లుమండి ఒక కుండీ బోర్లించి చూశాను. నాలుగు సన్నటి కొమ్మలు పక్కపక్కన గుచ్చి ఉన్నాయి, ఒక్కోదానికి విడిగా చిన్న కొబ్బరిపొట్టు ముద్ద. గుబురు రహస్యం అదీ!

మా చిన్నమ్మ కొడుకు కుప్పం దగ్గర చామంతి వేస్తాడు. తిరుచానూరు పంచమి తీర్థానికి వచ్చినప్పుడు చూపిస్తే నవ్వాడు. "అక్కా, చామంతి రాత్రిని లెక్కపెట్టుకుంటుంది." రాత్రులు పొడుగైతేనే అది మొగ్గ తొడుగుతుందట. మన తిరుపతిలో జూన్‌లో పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరులో 11 గంటల 20 నిమిషాలు. ఆ గంటన్నర తేడాయే దానికి గడియారం. మొక్క చిన్నగా ఉండగానే పూయకుండా రైతులు రాత్రి చేలో బల్బులు వెలిగిస్తారు. సీజన్‌కి ముందే పూలు కావాలంటే ప్లాస్టిక్ షీటు కప్పిన పాలీహౌస్‌లో సాయంత్రం అయిదుకే నల్లగుడ్డ కప్పి, పొద్దున్నే తీస్తారు. అలా కొన్ని వారాలు చేస్తే మొక్క చలికాలం వచ్చిందనుకుంటుంది. నేను కొన్నవీ అలాంటివే అయ్యుంటాయన్నాడు. మన ఇంట్లో ఆ గుడ్డ ఎవరు కప్పుతారు?

మరి కార్తీకంలో రాత్రులు పొడుగయ్యాక కూడా ఎందుకు పూయలేదు? అది మాత్రం నా తప్పే. మా మేడ ముందు వీధి దీపం ఉంది. దాని తెల్లటి వెలుగులో అర్ధరాత్రి క్యాలెండర్‌లో తిథి చదవొచ్చు. ఏడు కుండీలు సరిగ్గా దాని ఎదురుగా పెట్టాను. ఎనిమిదోది వడిలిపోయిందని అక్టోబరులోనే నీళ్ల ట్యాంకు వెనక పడేశాను, డిసెంబరులో పదకొండు పూలు పూసింది. మిగతావీ పంచమి తీర్థం అయ్యాక అక్కడికే చేర్చాను. ఇప్పుడు బటానీ గింజంత మొగ్గలున్నాయి.

కొనేటప్పుడు ఈ మొక్క మామూలుగా ఏ నెలలో పూస్తుందని అడగండి. తడుముకుంటే వదిలేయండి. మొదలు దగ్గర మట్టి కాస్త కదిపి ఎన్ని కొమ్మలు గుచ్చారో చూడండి. అసలు జూన్, జూలైలో తెలిసినవాళ్ల దగ్గర పిలక తెచ్చి నాటుకుంటే పైసా ఖర్చుండదు.

నిన్న అటు వెళ్తే ఆ నర్సరీ ముందు ఎర్ర ఆకుల పాయింసెట్టియా వరసలు పెట్టారు. అదే మాట, ఏడాదంతా ఎర్రగానే ఉంటుందట. అదీ పొడుగు రాత్రుల మొక్కే. ఎండాకాలంలో కొత్త ఆకులు పచ్చగానే వస్తాయి.