సగం హార్డ్‌డిస్కు ఎక్కడ పోయింది? హన్మకొండలో ఒక రిపేరు షాపు ముచ్చట

పరకాలలో మాది చిన్న ఫోటో స్టూడియో. 2009లో కొన్న సిస్టమ్ ఒకటి ఇంకా నడుస్తోంది: కోర్ టూ డ్యుయో ప్రాసెసర్, జీ31 మదర్‌బోర్డు, విండోస్ 7. నవ్వేవాళ్లు నవ్వండి. ఆల్బమ్ డిజైనింగ్ అంతా మా అబ్బాయి కొత్తదాని మీద చేస్తాడు, పాతది నాది. పాస్‌పోర్టు ఫోటోలకూ, పదేళ్ల కిందటి పెళ్లి ఫోటో కావాలని వచ్చినవాళ్లకు వెతికి ఇవ్వడానికీ అది చాలు. కాకపోతే దాంట్లోని 500 జీబీ డిస్కు గొంతు దాకా నిండిపోయింది. రెండో డిస్కు పెడదామని 4 టీబీది కొన్నాను. తిప్పలు అక్కడ మొదలయ్యాయి.

షాపు హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక గల్లీలో, మొదటి అంతస్తులో ఉంది. కింద మిర్చి బజ్జీల బండి, పక్కన జిరాక్స్. పేరు రాయొద్దని షాపతనే అన్నాడు, వచ్చే ఫోన్లే ఎత్తలేకపోతున్నాడట. అది నిజమే, ఆ సంగతి కింద చెబుతాను.

ముందు నా తెలివి గురించి. డిస్కు ఇంట్లో నేనే బిగించాను. బిగించాను అనడం కూడా ఎక్కువే. సీడీ డ్రైవు స్క్రూలు తీసి తిప్పితే పట్టలేదు. వాటి మరలు సన్నవి, హార్డ్‌డిస్కు స్క్రూల మరలు ముతకవి. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. అందుకని కేబినెట్ అడుగున థర్మాకోల్ ముక్క వేసి డిస్కును దాని మీద పడుకోబెట్టాను. పవర్ సప్లైలో ఈ డిస్కుకు పెట్టే సాటా రకం కనెక్టర్ ఇంకొకటి ఖాళీ లేదు, పాతకాలపు నాలుగు పిన్నుల తెల్ల కనెక్టర్లు మాత్రం రెండు వేలాడుతున్నాయి. డ్రాయర్‌లో ఎప్పటిదో కన్వర్టర్ దొరికితే దానికి తగిలించాను. డిస్కు తిరిగింది. నా అంత మొనగాడు లేడనుకున్నాను.

కొత్త డిస్కు దానంతటదే మై కంప్యూటర్‌లో కనపడదని, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి పోయి ఇనిషియలైజ్ చేయాలని, అంటే వాడకానికి సిద్ధం చేయాలని నాకు తెలుసు. పోయాను. ఎంబీఆరా, జీపీటీయా అని అడిగింది. డిస్కులో ఏ భాగం ఎక్కడుందో రాసుకునే పద్ధతులవి, మొదటిది పాతది, రెండోది కొత్తది. ఎంబీఆర్ మీద ముందే చుక్క పెట్టి ఉంది. విండోస్ కంటే నాకు ఎక్కువ తెలుసా అనుకుని ఓకే కొట్టాను. వచ్చింది 2048 జీబీ. దాని పక్కన నల్ల గీత కింద 1678 జీబీ, అన్‌అలొకేటెడ్ అని, అంటే దేనికీ కేటాయించని చోటు. దాని మీద ఎన్నిసార్లు రైట్ క్లిక్ చేసినా కొత్త వాల్యూమ్ చేసే ఆప్షన్ వెలిసిపోయే ఉంది, నొక్కనీయదు. నాలుగు టీబీలకు డబ్బులు కట్టి రెండే ఇంటికి తెచ్చుకున్నట్టయింది.

సరే, ఉన్నదే చాలనుకుని పాత డిస్కులోంచి 280 జీబీ ఫోటోలు ఇందులోకి మార్చాను. కాపీ కాదు, కట్ అండ్ పేస్ట్. 2012, 2014, 2016 మేడారం జాతరల్లో తీసినవన్నీ అందులోనే ఉన్నాయి. గద్దెల దగ్గర జనం, జంపన్నవాగు స్నానాలు, నిలువెత్తు బంగారం తూకాలు. ఊళ్లో వాళ్ల పెళ్లిళ్లు సరేసరి.

మర్నాడు పొద్దున స్టూడియో తెరిచి ఆన్ చేస్తే నల్ల స్క్రీను, తెల్ల అక్షరాలు: రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్. అంటే విండోస్ ఉన్న డిస్కు దానికి దొరకలేదన్నమాట. డిలీట్ బటన్ కొడుతూ బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సెట్టింగుల్లోకి పోయి, పాత డిస్కును ముందుకు తెచ్చి సేవ్ చేస్తే విండోస్ వచ్చింది. సాయంత్రం దాకా ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా బాగానే ఉంది. తెల్లారితే మళ్లీ అదే పాట. మూడు వారాలు ఇట్లాగే గడిచింది. ఒకచోట చూపిస్తే మూత కూడా తీయకుండా, బోర్డు పోయింది, ఇంత పెద్ద డిస్కులు దీనికి పట్టవు, కొత్త సిస్టమ్ తీసుకోండి అన్నారు. అప్పుడు మా ఆవిడ హన్మకొండ పోదామంది. సీపీయూను చద్దరులో మూటకట్టి బస్సెక్కాం. నాకు టికెట్, ఆమెకు మహాలక్ష్మి ఉచిత ప్రయాణం. సీపీయూ ఎవరి లెక్కలోకి వస్తుందో కండక్టర్ కాసేపు ఆలోచించి వదిలేశాడు. అందుకే దారంతా అది ఆమె ఒళ్లోనే ఉంది.

షాపతను ముప్పై దాటినవాడు. నేను జబ్బు గురించి చెప్పడం మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టి, “అన్నా, ఈ కొత్త డిస్కుల ఉన్నది ఇంకెక్కడన్న ఉన్నదా?” అన్నాడు.

“లేదు తమ్మీ.”

“అయితే ముందుగాల దాన్ని తీస్త. మిగతా ముచ్చట తర్వాత.”

డిస్కు ఊడదీసి తన సిస్టమ్‌కు పెట్టి కాపీ మొదలుపెట్టాడు. గంటకు పైనే పట్టింది. ఆ గంటలో నా సీపీయూను ఆన్ కూడా చేయలేదు, ఊరికే ప్రశ్నలు వేశాడు.

“రాత్రి పోయేటప్పుడు స్విచ్ బంద్ చేస్తరా?”

“మెయినే బంద్ చేసి పోత.”

“పొద్దుగాల గడియారం ఎంత చూపిస్తది?”

నాకు వెంటనే గుర్తు రాలేదు. మా ఆవిడ అందుకుంది: “రోజూ 2009 జనవరి చూపిస్తది. ఆ తారీఖు సరిచేసేదాక మెయిల్ కూడ తెరవనియ్యది, సర్టిఫికెట్ తప్పు అంటది.” అది రెండేళ్ల నుంచీ ఉంది. ముసలి సిస్టమ్ కదా, మతిమరుపు అనుకున్నాం.

అతను బోర్డు మీది రూపాయి బిళ్లంత సెల్లు తీసి మీటరు పెట్టాడు. సీఆర్ 2032, ఉండాల్సింది 3 వోల్టులు. చూపించింది ఒకటిన్నర కూడా లేదు. అప్పుడు చెప్పాడు. మెయిన్ ఆన్‌లో ఉంటే సిస్టమ్ ఆపేసినా పవర్ సప్లై నుంచి బోర్డుకు సన్నగా కరెంటు అందుతూనే ఉంటుంది, బయోస్ సెట్టింగులు పోవు. అందుకే పగలు ఏ జబ్బూ లేదు. రాత్రి మెయిన్ ఆపితే ఇక సెల్లే దిక్కు. అది చచ్చిపోయింది కాబట్టి నేను చేసిన సెట్టింగు తెల్లారేసరికి మాయమై, బోర్డు మొదటి పోర్టులో (డిస్కు వైరు గుచ్చే చోటు) ఉన్న డిస్కునే బూటుకు ముందు పెడుతోంది. ఆ మొదటి పోర్టులో ఉన్నది కొత్త డిస్కు. ఎందుకంటే వైరు అందక పాతదాన్ని పీకి పక్క పోర్టులో గుచ్చింది నేనే. అంతకుముందు డిస్కు ఒక్కటే కాబట్టి బయోస్ ఎంత మరిచిపోయినా మాకు తెలియలేదు.

కొత్త సెల్లు వేశాడు. దాంతో ఆగకుండా వైర్లు కూడా మార్చి పాత డిస్కును మొదటి పోర్టులోకి తెచ్చాడు, రేపు ఈ సెల్లు కూడా పోయినా బూట్ ఆగకుండా. ఆ తర్వాత పవర్ వైరు మొత్తం పీకేసి, పది నిమిషాలు ఆగి, పెట్టి చూశాడు. మళ్లీ పీకి, మళ్లీ చూశాడు. మూడుసార్లు. నాకు ఈ మనిషి నచ్చింది అక్కడే. ఇంకొకరైతే ఒక్కసారి విండోస్ రాగానే అయిపోయిందని చేతులు దులుపుకునేవాళ్లు. జబ్బు వచ్చేదే మెయిన్ ఆపినప్పుడు, అట్లా ఆపి చూడకపోతే బాగైనట్టు ఎట్లా తెలుస్తుంది?

ఇక పోయిన సగం. ఎంబీఆర్ పద్ధతిలో సెక్టార్లు, అంటే డిస్కులోని చిన్న చిన్న గళ్లు, లెక్కపెట్టే అంకెకు 32 బిట్ల చోటే ఉంటుందట. సెక్టారుకు 512 బైట్ల చొప్పున గుణిస్తే 2 టీబీ దగ్గర లెక్క అయిపోతుంది. “మీ కెమెరాల ఫోటో నంబరు 9999 అయినంక ఏమైతది? మళ్ల ఒకటి నుంచి వస్తది. గట్లనే, దీనికి అంకెలు చాలయి,” అన్నాడు. వాల్యూమ్ తీసేసి డిస్కును జీపీటీకి మార్చాడు. ఈ పని చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది, ముందే కాపీ చేసుకున్నది ఇందుకే. పాత బయోస్‌తో జీపీటీ డిస్కు నుంచి విండోస్ బూట్ కాదు కానీ, ఉత్త డేటాకు వాడుకుంటే విండోస్ 7కు ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు 3725 జీబీ చూపిస్తోంది. నాలుగు వేలు ఏదని అడగబోయి ఆగాను, అది నాకు తెలుసు: కంపెనీ వెయ్యితో లెక్కపెడుతుంది, విండోస్ 1024తో.

నా కన్వర్టర్‌ను మాత్రం రెండు వేళ్లతో పట్టుకుని మా ఆవిడకు చూపించాడు. వైర్లన్నీ ఒకే ప్లాస్టిక్ ముద్దలో పోత పోసిన రకం, ఒక మూల గోధుమ రంగుకు తిరిగింది. లోపల 5 వోల్టుల ఎర్ర వైరు, 12 వోల్టుల పసుపు వైరు దగ్గర దగ్గరగా ఉంటాయి, షార్ట్ అయితే కన్వర్టరే అంటుకుంటుందట. వైరుకు వైరు విడిగా గుచ్చి ఉన్న రకం వేశాడు. థర్మాకోల్ ముక్కను చూసి ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

సెల్లు 40, కన్వర్టర్ 120, పని కూలి 400, మొత్తం 560 రూపాయలు. కొత్త సిస్టమ్ కొనమన్నవాళ్ల సంగతి గుర్తొచ్చి నేను బేరం ఆడలేదు.

బాగాలేనివి కూడా రాయాలి. మెట్లు ఇరుకు, సీపీయూ పట్టుకుని ఎక్కితే మోచేతులు గోడకు గీసుకుంటాయి. కూర్చోవడానికి ఒకటే స్టూలు. బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట వెనక రాసి ఇచ్చాడు. అతని దగ్గర పనిచేసే పోరడు నా డిస్కును బల్ల మీద నిలువుగా నిలబెట్టి టీ తాగుతుంటే నా ప్రాణం పైకి పోయింది, అది ఒరిగి కింద పడితే నాలుగు జాతరలు తిరిగినా ఆ ఫోటోలు రావు. అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. ఫోటోలు తిరిగి నా డిస్కులోకి ఎక్కించాక కూడా నా 280 జీబీ కాపీ అతని డిస్కులోనే ఉండిపోయింది. ఇంటికి పోయి ఫోటోలు తెరిచి చూసుకుని ఫోన్ చేస్తే అప్పుడు తీసేస్తానన్నాడు. అతని జాగ్రత్త నాకు అర్థమైంది, కానీ అవి జనం నన్ను నమ్మి తీయించుకున్న పెళ్లి ఫోటోలు. రెండు రోజుల తర్వాత చేస్తే ఫోన్ ఎత్తలేదు. మూడు రోజులు చేశాను. నాలుగో రోజు డిలీట్ చేస్తున్న వీడియో పంపి, కింద “అయిపోయింది అన్నా” అని రాశాడు. మీరు పోతే మీ ముందే తీసేయమని అడగండి.

అయిదుకు నాలుగు స్టార్లు. పొద్దున 11 దాటాకే పోండి, అంతకుముందు షటర్ లేవదు. సీపీయూతో పాటు పవర్ వైరు కూడా తీసుకుపోండి, అక్కడ ఉన్న ఒక్కటీ ఎప్పుడూ వేరే ఎవరి సిస్టమ్‌కో పెట్టి ఉంటుంది.